ఒడ్డు కనబడని చోటు

నౌకాదళం ఓడలు బాగుచేసే యార్డులో ఆయన్ని అందరూ మంత్రసాని అనేవారు. వెనక కాదు, ఎదురుగానే అనేవారు. ఆ పేరు పెట్టినవాడు ఎప్పుడో రిటైరై వెళ్లిపోయాడు గానీ పేరు మాత్రం వెలిసిపోకుండా నిలిచిపోయింది. ఆయనా దానికి అలవాటు పడిపోయాడు. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, పై ఆఫీసు నుంచి ఏదైనా కాగితం వచ్చిందేమోనని కంగారుపడేవాడు.

ఆ పేరు రావడానికి కారణం ఆయన చేసే పని. ఓడ మరమ్మతుకి వచ్చి రేవులో కట్టేసి ఉన్నన్నాళ్లూ దాని సొంత జనరేటర్లు ఆపేస్తారు. ఒడ్డు మీద మనిషెత్తు ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. దాంట్లోంచి మణికట్టు లావున నల్లటి కేబుళ్లు ఓడలోకి వెళతాయి. దీపాలు, ఫ్యాన్లు, వంటగది పొయ్యిలు అన్నీ ఆ కరెంటు మీదే బతుకుతాయి. ఓడ కదలాలంటే ముందు దాని జనరేటర్ మేలుకోవాలి, బరువంతా అది ఎత్తుకోవాలి, అప్పుడు ఒడ్డు కరెంటు తప్పుకోవాలి. ఈ తప్పుకోవడమే అసలు చిక్కు. తొందరపడి ముందే స్విచ్చి లాగితే ఓడంతా చీకటి. ఆలస్యం చేస్తే రెండు కరెంట్లూ కొట్లాడుకుని రెండూ పడిపోతాయి. పెట్టె మీద ఒక సూది ఉంటుంది. అది సున్నా మీద వాలిన క్షణాన లాగాలి. ఆ క్షణం మంత్రసాని చేతికి తెలుసు. ఆయన పెట్టె దగ్గర ఉంటే ఓడలో ఒక్క బల్బు రెప్ప వేసేది కాదు. ఆ తర్వాత కేబుళ్లు ఊడదీసి, కొసలకి మూతలు బిగించి, కొక్కేనికి తగిలించి, ఓడకేసి చెయ్యి ఊపేవాడు. ఓడ వెళ్లిపోయేది. ఆయన ఒడ్డున ఉండిపోయేవాడు.

"బొడ్డు కోసేది నువ్వే గదా. బిడ్డ ఎక్కడికి పోతే నీకెందుకు?" అనేవారు తోటివాళ్లు.

నలభై రెండు సంవత్సరాల్లో ఎన్ని ఓడలకి బొడ్డు కోశాడో లెక్క పెట్టుకోలేదు. రేవుకి అడ్డంగా రెండు చేతుల్లా కట్టిన రాళ్లగోడ ఉంటుంది. మధ్యలో ఓడ పట్టేంత సందు. ఓడలన్నీ ఆ సందులోంచి బయటికి పోయి చిన్నవైపోవడం ఆయన చూశాడు. సందు దాటి తను మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు.

వెళదామనే వచ్చాడు మొదట. పద్దెనిమిదో ఏట నావికుడిగా చేరడానికి వరసలో నిలబడ్డాడు. చదువులో నెగ్గాడు, పరుగులో నెగ్గాడు, తూకం దగ్గర ఓడిపోయాడు. వెనక నిలబడ్డవాడు చెప్పాడని డజను అరటిపళ్లు తిని, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ ఎక్కాడు. ముల్లు ఇంకా దయ చూపలేదు. తూకం చూసే ఆయన జాలిపడి, "పక్క గేట్లో ఎలక్ట్రీషియన్లని తీసుకుంటున్నారు బాబూ, అక్కడ తూకం లేదు" అన్నాడు. పక్క గేటుకి వెళ్లాడు. కడుపునిండా అరటిపళ్లతో ఉద్యోగంలో చేరినవాణ్ణి నేనొక్కణ్ణే అని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

యార్డు వాళ్లు సముద్రం మీదికి వెళ్లే వీలు లేకపోలేదు. మరమ్మతు అయ్యాక ఓడని ఒక పూట బయటికి తీసుకెళ్లి పరీక్షిస్తారు. దాన్ని ట్రయల్ అంటారు. పనిచేసినవాళ్లలో పదిమందిని వెంట తీసుకెళతారు, ఏదైనా మొరాయిస్తే చూడటానికి. ఆ పదిమందిలో ఆయన పేరు ఎప్పుడూ ఉండేది కాదు. ఒకసారి పడింది గానీ ఆ వారం భార్యకి పురుడు. ఇంకోసారి పడింది. ఆఖరి నిమిషంలో ఓడ కెప్టెన్, "పెట్టె దగ్గర ఆ సన్నటాయనే ఉండాలి, లేకపోతే నేను తాడు విప్పను" అని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరూ రాయలేదు, ఆయనా అడగలేదు. పనిమంతుడు కావడమే ఆయన చేసుకున్న పాపం.

అడగకపోయినా కోరిక చావలేదు. దానికి నీళ్లు పోసి పెంచింది ఆయన భార్య.

ఆవిడ దర్జీ పని చేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, దాని చుట్టూ కత్తిరించిన ముక్కల గుట్టలు. ఆవిడ పుట్టిన ఊరికి సముద్రం దూరం. పెళ్లై వచ్చిన కొత్తలో, మిషను ఆపి, సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది: "బాగా లోపలికి వెళితే ఏ పక్కకి చూసినా ఒడ్డు కనబడదట కదా. నిజమేనా?"

"అంటారు," అన్నాడు ఆయన.

"అంటారు ఏమిటండీ? మీరు ఓడల్లో పనిచేసేవారేగా?"

"ఓడల్లో చేస్తాను. ఓడలు వెళ్లినప్పుడు చెయ్యను."

ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. కానీ రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి ఆ ప్రశ్న మళ్లీ వేసేది. చుట్టూ గిన్నె బోర్లించినట్టు ఆకాశం ఉంటుందట కదా. మనిషికి దిక్కు తెలియదట కదా. భయమేస్తుందా, హాయిగా ఉంటుందా. ఆయన వెళ్లొచ్చినవాళ్లని అడిగి, వాళ్లు చెప్పింది ఆవిడకి చెప్పేవాడు. వెళ్లొచ్చినవాళ్లకి చెప్పడం చేతకాదు. "ఏముంటుంది, నీళ్లే" అనేవారు. ఆ నీళ్లనే ఆయన ఇంటికి మోసుకొచ్చేవాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ గది గుమ్మంలో నిలబడి "చూశాను" అనాలని ఆయనకి ఉండేది.

రిటైర్ కావడానికి ఇరవై ఆరు రోజులుందనగా ముసలమ్మ మరమ్మతు పూర్తికావొచ్చింది. ముసలమ్మ అంటే సరుకులు మోసే ఓడ. ఆయన పనిలో చేరిన ఏడు మొదటిసారి మరమ్మతుకి వచ్చింది. దాని వైర్లన్నీ ఆయనకి ఇంటి సందుల్లా తెలుసు. అది బయటికి వెళ్లాక మరో ఓడ సిద్ధం కావడానికి రెండు నెలలు పడుతుంది. అప్పటికి ఆయన గేటు బయట ఉంటాడు.

ఆ ఉదయం ఆయన ఫోర్‌మన్ గదిలోకి వెళ్లాడు. ఫోర్‌మన్ ఆయన కింద పని నేర్చుకుని పైకి వచ్చినవాడు. ఇప్పటికీ కుర్చీలోంచి సగం లేస్తాడు.

"ముసలమ్మ ట్రయల్‌కి నన్ను రాయి."

"ఏం రాయమంటారు?"

"పేరు."

ఫోర్‌మన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గురువుగారూ, మరి పెట్టె దగ్గర ఎవరుంటారు?"

"ఎవరో ఒకరు ఉంటారు."

"ఆ ఎవరో ఒకరు నలభై ఏళ్లుగా మీరే కదండీ."

"అందుకే ఈసారి వేరే ఎవరో ఒకర్ని చూడు."

గుమ్మంలోంచి ఎవరో దగ్గారు. ఫ్యూజు. మంత్రసాని బావమరిది. అక్క పెళ్లయిన మూడేళ్లకి యార్డులో బావ పనిచేసే కరెంటు షాపులోనే చేరాడు. యాభై దాటినా కోపం చిటికెలో వచ్చి చిటికెలో మాడిపోతుంది కనక ఆ పేరు. "నేనుంటా పెట్టె దగ్గర," అన్నాడు.

ఫోర్‌మన్ అతన్ని కింది నుంచి పై దాకా చూశాడు. "నువ్వు స్విచ్చి లాగితే ఓడ సంగతి తర్వాత, ఊరే చీకటైపోతుంది."

"బావ నేర్పిస్తే నేర్చుకోనా? చెప్పేవాడు చెబితే గోడ కూడా వింటుంది."

"గోడకైతే నేనే చెబుదును," అన్నాడు ఫోర్‌మన్. అని, మళ్లీ కళ్లజోడు పెట్టుకుని మంత్రసాని ముఖంలోకి చూశాడు. అడగడం చేతకాని మనిషి అడిగితే ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ముఖం. "వారం టైముంది. వీడికి చేతనైతే రాస్తాను."

ఆ వారమంతా మధ్యాహ్నాలు బావా బావమరుదులు పెట్టె ముందు నిలబడ్డారు. ఫ్యూజు చెయ్యి ఎప్పుడూ ఒక క్షణం ముందుండేది.

"సూది వాలాక లాగరా. వాలబోతుంటే కాదు."

"రెంటికీ తేడా ఎంత బావా, చిటికెడు."

"అత్త వేడి గిన్నె అందిస్తోంది, కోడలు పట్టుకోబోతోంది. పట్టుకోబోతుంటే వదలాలా, పట్టుకున్నాక వదలాలా?"

"పట్టుకున్నాక."

"తేడా ఎంత?"

"చిటికెడు," అని ఒప్పుకున్నాడు ఫ్యూజు. "కానీ కాళ్లు కాలేది కోడలికి."

"ఓడే కోడలు. గుర్తుపెట్టుకో."

నాలుగో రోజుకి చెయ్యి నిదానించింది. అయిదో రోజు ఫోర్‌మన్ స్వయంగా వచ్చి మూడుసార్లు చేయించి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అతను ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

ఆరో రోజు మంత్రసాని ముసలమ్మ అడుగున జనరేటర్ గదిలో ఉన్నాడు. ఆ గదిలో వేడిగాలి బయటికి తోసే ఫ్యాన్లు రెండు. రెండోదాని మోటారుకి లోపలి రాగి తీగ కొత్తగా చుట్టించి తెచ్చారు. అది పైన, రేకు గొట్టంలో ఉంటుంది. నిచ్చెనెక్కి, నడుము దాకా గొట్టంలోకి దూరి, మోటారు నోట్లో మూడు తీగలు బిగించాలి. ఎర్రది, పచ్చది, నీలిది. ఆయన ఎర్రది బిగించాడు. రెండోది చేతిలోకి తీసుకున్నాడు. కింద నుంచి ఫ్యూజు గొంతు: "బావా! బోర్డు మీద నీ పేరు పడింది. నాలుగోది. చూసే వస్తున్నా."

ఆయన గొట్టంలోంచి తల బయటికి తీశాడు. "సరిగ్గా చూశావా?"

"అక్షరం అక్షరం చదివా. నీ అసలు పేరు అదేనా అని పక్కవాణ్ణి అడిగి మరీ వచ్చా."

ఆయన మళ్లీ గొట్టంలోకి దూరి మిగతా రెండూ బిగించాడు, మూత వేశాడు, స్విచ్చి వేయించాడు. ఫ్యాన్ గుయ్యిమంది. చప్పుడు బాగుందనుకుని నిచ్చెన దిగాడు.

ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెప్పాడు. భార్య మిషను తొక్కడం ఆపలేదు. కుట్టు చివర దాకా లాగి, దారం తెంపి, అప్పుడు చూసింది.

"పురుడేమీ లేదుగా ఈసారి అడ్డం?"

"ఈ వయసులోనా?"

"నాకు కాదండీ. ఎవరిదో ఒకరిది అడ్డం వస్తుందిగా మీకు." లేచి వచ్చి ఆయన చొక్కా భుజం మీది దుమ్ము దులిపింది. "చూసి రండి. ఆయన అన్నాడు, ఈయన అన్నాడు అని చెప్పకండి. ఎలా ఉందో మీ నోటితో చెప్పండి."

"ఏం చెప్పాలో రాసివ్వు, చూసొస్తాను," అన్నాడు ఆయన. ఆవిడ నిజంగానే వేళ్లు ముడిచి అడగడం మొదలుపెట్టింది. నీళ్ల రంగు, గాలి వాసన, పక్షులుంటాయా ఉండవా, ఒడ్డు మాయమయ్యేది ఒక్కసారిగానా, కొంచెం కొంచెంగానా. ఆయన ఒక్కోదానికీ తలూపాడు.

ట్రయల్ పొద్దున ఆయన ఓడ అడుగున స్విచ్‌బోర్డు గదిలో నిలబడ్డాడు. గది గుమ్మం పక్కన ఒక బల్బు ఉంది. దానికేసే చూస్తున్నాడు. పక్కన ఓడ ఎలక్ట్రికల్ ఆఫీసరు, ముప్పై అయిదేళ్ల నెమ్మదైన మనిషి, జనరేటర్ మీద బరువు పెంచుతున్నాడు. ఒడ్డున, పెట్టె దగ్గర, ఫ్యూజు చెయ్యి స్విచ్చి మీద ఉండి ఉంటుంది. కోడలు పట్టుకుందిరా, ఇప్పుడు, అనుకున్నాడు మంత్రసాని మనసులో. బల్బు ఒక్కసారి రెప్ప వేసి, మళ్లీ వెలిగింది.

"మీరుంటే ఈ మాత్రం కూడా ఉండేది కాదు," అన్నాడు ఆఫీసరు.

"మొదటి కాన్పు కదండీ," అన్నాడు ఆయన.

తాళ్లు విప్పిన చప్పుడు వినబడింది. కాళ్ల కింద నేల మెల్లిగా వణికింది. రాళ్లగోడ సందు దాటిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అప్పటిదాకా బల్లలా ఉన్న నేల ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. పైకి ఒక శ్వాస, కిందికి ఒక శ్వాస. ఆయన గోడ పట్టుకుని నవ్వుకున్నాడు. నలభై రెండేళ్లు ఈ గదిలో నిలబడ్డాడు, ఇది బతికే ఉందని ఇప్పుడు తెలిసింది.

"పదిన్నరకి పూర్తి వేగం," అన్నాడు ఆఫీసరు. "అక్కడ నలభై నిమిషాలు తిప్పి వెనక్కి మళ్లుతాం. ఒడ్డు ఏ పక్కా కనబడదు. బోర్డు నేను చూసుకుంటాను, మీరు పైకి వెళ్లండి. మీ ఫోర్‌మన్ నాకు మరీ మరీ చెప్పాడు."

పదింపావుకి ఆయన చేతులు తుడుచుకుని, తల దువ్వుకుని బయల్దేరాడు. మెట్లకి వెళ్లాలంటే జనరేటర్ గది తలుపు ముందు నుంచి వెళ్లాలి. తలుపు ఓరగా ఉంది. దాటబోతుంటే చెంప మీద వేడిగాలి తగిలింది.

ఆయన ఆగాడు. ఆ తలుపు దగ్గర గాలి లోపలికి పోవాలి. ఫ్యాన్లు రెండూ లోపలి వేడిని పైకి తోస్తుంటే, నడవలోని చల్లగాలి తలుపులోంచి లోపలికి దూరుతుంది. ఇది బయటికి వస్తోంది.

లోపలికి వెళ్లి నిచ్చెనెక్కి, జేబు రుమాలు తీసి మొదటి ఫ్యాన్ జాలీ దగ్గర పెట్టాడు. రుమాలు టక్కున అంటుకుంది. రెండోదాని దగ్గర పెట్టాడు. రుమాలు ఆయన ముఖం మీదికి ఎగిరింది.

ఒక ఫ్యాన్ వేడిని బయటికి తోస్తుంటే రెండోది దాన్ని మళ్లీ లోపలికి లాక్కొస్తోంది. మూడు తీగల్లో ఏ రెండు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. చప్పుడు మాత్రం అదే. అందుకే చెవిని నమ్మొద్దు, రుమాలుని నమ్మండి అని షాపులో చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేవాడు ఆయన. ఆరో రోజు ఆయన జేబులోంచి రుమాలు తియ్యలేదు. తన పేరు నాలుగోదని వింటూ పచ్చది, నీలిది ఒకదాని చోట ఒకటి బిగించాడు. రేవులో ఒక జనరేటరే తిరిగింది కనక ఆ వేడి ఎవరికీ తెలియలేదు. పూర్తి వేగానికి రెండూ తిరగాలి.

వెనక్కి వెళ్లి ఆఫీసరుతో చెప్పాడు. ఎవరో కాదు, నేనే కలిపాను అని కూడా చెప్పాడు.

ఆఫీసరు వేడి చూపే ముల్లుకేసి చూశాడు. "ఇప్పుడైతే ఫర్వాలేదు. ఇలాగే ఉంటే గంటలోపు జనరేటర్లు వాటంతటవే ఆగిపోతాయి." కింద ఉన్న స్విచ్చి పెట్టెకేసి చెయ్యి చూపాడు. "అంత పైకి ఎందుకు దూరడం? ఇక్కడ కింద, స్విచ్చి పెట్టెలో రెండు తీగలు తారుమారు చేసెయ్యండి. అక్కడొకటి తప్పు, ఇక్కడొకటి తప్పు, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతుంది. అయిదు నిమిషాల పని. మీరు పైకి వెళ్లొచ్చు."

అది అబద్ధం కాదు. ఫ్యాన్ సరిగ్గానే తిరుగుతుంది. మంత్రసాని స్విచ్చి పెట్టె మూత తీశాడు. స్క్రూడ్రైవర్ పచ్చ తీగ మరమేకు మీద పెట్టాడు. పైన, ఎక్కడో ఆరు అంతస్తుల ఇనుము అవతల, ఒడ్డు మాయమవుతూ ఉంటుంది. ఒక్కసారిగానో, కొంచెం కొంచెంగానో.

మర సగం తిప్పి ఆగాడు.

పెట్టెలో పచ్చ చోట నీలి, మోటారు దగ్గర నీలి చోట పచ్చ. రెండు చోట్లా రంగులు అబద్ధం చెబుతుంటాయి. నాలుగేళ్ల తర్వాత మోటారు మళ్లీ పాడవుతుంది. ఎవరో విప్పుతాడు. రంగు చూసి రంగు కలుపుతాడు, అలా కలపమనే కదా నేర్పింది. ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. వాడు తన పనిలో తప్పు వెతుక్కుంటాడు. ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అది వాడి తప్పు కాదు. తప్పు చేసినవాడు ఇంట్లో కూర్చుని, సముద్రం ఎలా ఉంటుందో భార్యకి చెబుతుంటాడు.

ఆయన మర వెనక్కి తిప్పి బిగించాడు. ఫ్యాన్ ఫ్యూజులు మూడూ ఊడబెరికి, ఎవరూ కరెంటు వెయ్యకుండా తన ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

"తప్పు జరిగిన చోటే దిద్దాలండీ," అన్నాడు.

"నలభై నిమిషాలే అక్కడ ఉండేది," అన్నాడు ఆఫీసరు మెల్లిగా.

"తెలుసు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొస్తే అది పట్టాలి."

గొట్టంలో వేడి ముఖాన్ని కాల్చింది. ఆ వేడికి మోటారు మూత నట్లు బిగుసుకుపోయాయి. ఒకటి రావడానికే పది నిమిషాలు పట్టింది. రెండోదానికి ఇంకా ఎక్కువ. చెమట కళ్లలోకి కారుతుంటే రుమాలు నోట్లో కరుచుకుని పని చేశాడు. మధ్యలో ఓడ వేగం అందుకుంది. నిచ్చెన, గొట్టం, ఆయన దవడ, చేతిలోని పానా అన్నీ ఒకే వణుకు వణికాయి. పక్కన పచ్చరంగు వేసిన ఇనుప గోడ ఓడ ఒళ్లు. ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఆయన అరచెయ్యి దానికి ఆనించాడు. గదంతా పొయ్యిలా ఉంటే అది చల్లగా ఉంది. అవతల నీళ్లు పరుగెత్తుతున్నాయి. లక్ష మంది ఒకేసారి గుడ్డ చింపుతున్నట్టు ఒక చప్పుడు, చెవికి కాదు, చేతికి వినిపించింది. ఆయన చెయ్యి తియ్యడానికి కాస్త ఆలస్యమైంది. ఆ తర్వాత మూడో నట్టుకి వెళ్లాడు.

తీగలు మార్చి, మూత వేసి, దిగి, ఫ్యూజులు పెట్టి, రుమాలు జాలీ దగ్గర పెట్టేసరికి పదకొండూ పది. రుమాలు అంటుకుంది. ఈసారి రెండోసారి కూడా పెట్టి చూశాడు. తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చల్లగాలి వీపుని తోస్తూ లోపలికి వెళ్లింది.

ఓడ ఒక పక్కకి ఒరిగి, మళ్లీ నిలబడింది. మళ్లింది.

ఆఫీసరు చిట్టా పుస్తకం తెరిచాడు. "ఫ్యాన్ సరిచేయడమైనది అని రాస్తే చాలు."

"ఎవరు తప్పు కలిపారో కూడా రాయండి. లేకపోతే షాపులో మావాళ్లు మోటారు చుట్టినవాణ్ణి తిడతారు. పాపం, వాడు బాగానే చుట్టాడు."

ఆఫీసరు రాశాడు. రాసి, కలం మూత పెట్టకుండానే, "వెళ్లండి, త్వరగా వెళ్లండి," అన్నాడు.

మెట్లు ఎక్కి పైకి వచ్చేసరికి వెలుతురు కళ్లలో గుచ్చింది. రెప్పలు ఆర్పుకుని ఓడ ముందు వైపు చూశాడు. ఒడ్డు ఉంది. నీలం మీద బూడిదరంగు గీత. గీత మీద అగ్గిపుల్లల్లా యార్డు క్రేన్లు. యార్డు వాళ్లు ముగ్గురు రెయిలింగు దగ్గర టీ తాగుతున్నారు. ఒకడు ఆయన్ని చూసి చోటిచ్చాడు.

"ఇప్పుడొస్తున్నావేం మంత్రసానీ? అయిపోయిందిగా."

"ఎలా ఉంది?"

"ఏముంటుంది, నీళ్లే," అన్నాడు వాడు. ఆయన నూనె ముఖం, ఎర్రబడ్డ కళ్లు చూశాక, టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టాడు. "లేదులే. బాగుంది."

ఆయన టీ తాగలేదు. గ్లాసు పట్టుకునే ఓడ పక్కమ్మటే నడిచాడు. పడవలు కట్టే చోటు దాటాడు, తాళ్ల చుట్టలు దాటాడు, చిట్టచివర వెనక కొసకి వెళ్లాడు. అక్కడ రెయిలింగుకి పొట్ట ఆనించి నిలబడ్డాడు.

అక్కడి నుంచి చూస్తే ముందంతా నీళ్లే. ఓడ దారి తెల్లగా, వెడల్పుగా పరుచుకుంటూ పోయి, సన్నబడి, ఎక్కడో కలిసిపోతోంది. అక్కడ ఆకాశం మొదలవుతోంది. గీత లేదు, క్రేను లేదు, పొగ లేదు. ఒడ్డు వీపు వెనక ఉంది. తల తిప్పితే కనబడుతుంది. ఆయన తిప్పలేదు. కుడి పక్క కంటికొసలో ఏదో బూడిదరంగు మెదిలితే ఎడమకి జరిగాడు. ఎడమన మెదిలితే కుడికి జరిగాడు. ఎవరో వెనక నుంచి పిలిచారు, పలకలేదు. అడుగులు వచ్చి, ఆయన వెనకే ఆగి, మళ్లీ వెళ్లిపోయాయి.

నీళ్లు నీలం కావు. దూరంగా నల్లగా, దగ్గర ఆకుపచ్చగా, ఓడ చీల్చిన చోట గాజు ముక్కలా ఉన్నాయి. గాలికి ఉప్పు వాసన లేదు. ఆ వాసన ఒడ్డుదట, సముద్రానిది కాదు. ఇక్కడ ఏ వాసనా లేదు. పక్షి ఒకటి ఓడ వెంట వస్తోంది, రెక్క ఆడించకుండా. ఆయన ఒక్కోటీ చూసి పెట్టుకున్నాడు, సంతలో చెప్పిన సరుకులు ఒక్కోటీ సంచిలో వేసుకున్నట్టు. ఒక్కటే దొరకలేదు. ఒడ్డు ఎలా మాయమవుతుందో దొరకలేదు.

అలా ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. టీ చల్లారి, పైన తెట్టు కట్టింది. నేల ఊపిరి నెమ్మదించింది. అప్పుడు రెండు కంటికొసల్లోంచీ ఒకేసారి రాళ్లు లోపలికి వచ్చాయి. గోడ. ఓడ సందులోంచి వెళుతోంది. రాళ్లు రెండు పక్కల నుంచీ దగ్గరికి జరుగుతూ, నీళ్లని కిటికీ అంత చేసి, తలుపు ఓరంత చేశాయి. ఆ ఓరలోంచి కూడా ఆయన చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఇంటికి వెళ్లాడు. మిషను ఆగింది. భార్య ఆయన ముఖం మీది కాలిన ఎర్రదనం చూసింది, చేతివేళ్ల మీది గాట్లు చూసింది, మెడ ఒకే పక్కకి పట్టేసి ఉండటం చూసింది. లోపలికి వెళ్లి నొప్పి మందు డబ్బా తెచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ వెనక నిలబడి మెడకి మందు రాస్తుంటే ఆయన జరిగిందంతా చెప్పాడు. బల్బు, తలుపు దగ్గరి గాలి, రుమాలు, పచ్చ తీగ, నీలి తీగ, మోటారు నట్లు.

"ఆ ఆఫీసరు బాబు చెప్పినట్టు కిందే మార్చేసి ఉంటే?" అంది ఆవిడ.

"చూసొచ్చేవాణ్ణి."

"మరి ఈ మెడ ఏమిటి? గొట్టంలో పట్టేసిందా?"

"కాదు. తల తిప్పకుండా నిలబడ్డాను."

"ఎంతసేపు?"

"గోడ వచ్చేదాకా."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక డబ్బా మూత పెట్టి, మిషను మీది గుడ్డ పక్కకి నెట్టి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. పట్టేసిన మెడ ఆయన తిప్పక్కర్లేకుండా సరిగ్గా ఎదురుగా.

"సరే, తిప్పకుండానే చెప్పండి," అంది. "నీళ్లతో మొదలుపెట్టండి. ఏ రంగు?"